పగవాడి గాడిద

ఎల్కానా ఇంట్లో ముగ్గురే మనుషులు, ముగ్గురూ తెలివైనవాళ్ళే. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు గనక వాళ్ళే చెప్పుకునేవాళ్ళు.

"శనివారం శనివారం, మా యూదుల విశ్రాంతిదినం సబ్బాతు నాడు, మా ధర్మగ్రంథం తోరాలో ఆ వారం భాగం చదువుతాం. అందులోంచి ఒక మంచిమాట ఏరుకుని, వారం తిరిగేలోగా చేసి చూపిస్తాం. ఉత్తినే చదివి మడిచిపెట్టే రకం కాదు మేం!" అనేవాడు ఎల్కానా.

అతని భార్య హుల్దమ్మ తల నెరిశాక అక్షరాలు దిద్దింది. అంచేత ఒక్క అక్షరాన్నీ వదిలిపెట్టదు. ఎంత కష్టపడి పట్టుకుందో మరి! ఆ శనివారం వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. "నీ పగవాడి గాడిద బరువు కింద పడి ఉంటే చూసీ చూడనట్టు పోకు. చెయ్యి వేసి లేపు."

"ఆహా, ఎంత మంచిమాట!" అంది. అంతలోనే గుండె గుభేలుమంది. "ఏవండీ, మనకి పగవాడేడీ?"

ముగ్గురూ ఊరంతా తలుచుకున్నారు. అందరూ మంచివాళ్ళే. ఎంత సిగ్గుచేటు!

"పోనీ, గాడిద ఎవరికుందమ్మా?" అన్నాడు కొడుకు బెసలేలు.

"ఉప్పు నాంచారయ్యకుంది. ప్రాణస్నేహితుడాయె!"

"అయితే పగవాణ్ణి చేసుకుందాం."

అంతే.

నాంచారయ్య ప్రతి శుక్రవారం పొద్దువాలే వేళకి, మాణిక్యం అని ముద్దుగా పిలుచుకునే తన గాడిద మీద ఉప్పు బస్తాలతో వస్తాడు. సబ్బాతు రొట్టె ఉప్పులో అద్దుకునే తినాలి కదా, హుల్దమ్మకి దోసెడు ఉప్పు ఇచ్చిగానీ కదలడు. ఆ శుక్రవారమూ వచ్చాడు.

"నీ ఉప్పు చప్పగా ఉంది!" అని అరిచింది హుల్దమ్మ.

"ఇంకో గుప్పెడు వేసుకో వదినా."

"నీకు బుర్ర లేదు!" అన్నాడు ఎల్కానా.

"ఉంటే ఇంత ఎండలో తిరుగుతానా అన్నా?"

ఎంతకీ కోపం రాదే! బెసలేలుకి విసుగొచ్చింది. "బాబాయ్, నీ మాణిక్యం ఉత్త గాడిద!"

ఇంకేముంది, నాంచారయ్య మొహం కందగడ్డయింది. "నా బంగారుతల్లిని గాడిదంటావట్రా! మళ్ళీ మీ గడప తొక్కితే ఒట్టు!" అని, ఆ కోపంలో మాణిక్యాన్నే మరిచిపోయి, చరచరా వెళ్ళిపోయాడు.

"పగవాడయ్యాడు!" ముగ్గురూ గంతులేశారు.

కానీ మాణిక్యం నిలబడే ఉంది. పడందే లేపేదెట్లా? రోలు ఎక్కించారు. పడలేదు. పొత్రం ఎక్కించారు. పడలేదు. చివరికి ఎల్కానా ఎక్కి కూచున్నాడు. అంతే, మాణిక్యం చతికిలబడింది, బస్తాలు పిగిలాయి, ఉప్పంతా బురదపాలైంది. ముగ్గురూ "హైలెస్సా!" అని లేపి, చేతులు దులుపుకున్నారు.

హుల్దమ్మ లోపలికెళ్ళింది. రొట్టె ఉంది. ఉప్పుగిన్నె ఖాళీ.

"ఏవండీ, ఉప్పు పోతే పోయింది. నాంచారయ్య ఇంక రాడా?"

ఇంతలో బయట ఎవరో దగ్గారు. నాంచారయ్యే! దోసిట్లో ఇంటి నుంచి తెచ్చిన ఉప్పు.

"కోపం కోపమే వదినా. చప్పటి రొట్టె ఎలా తింటారు?"

కొంగు పట్టి ఉప్పు అందుకుంటూ హుల్దమ్మ ఏడ్చేసింది. అంతలోనే నెత్తి కొట్టుకుంది. "అయ్యో, నువ్వు పగవాడివి కాదన్నమాట! అయితే మేం లేపింది స్నేహితుడి గాడిదని! అలా లేపమని ఒక్క అక్షరమూ లేదే!"

నాంచారయ్య గడ్డం గోక్కున్నాడు. "అయితే మళ్ళీ పడుకోబెట్టాలి." ఎంతైనా వీళ్ళ స్నేహితుడు కదా!

మాణిక్యం పడుకోనంది. ఎలా పడుకోవాలో చూపిద్దామని నలుగురూ బురదలో వరసగా పడుకున్నారు. మాణిక్యం వాళ్ళని జాగ్రత్తగా దాటుకుంటూ ఇంట్లోకి వెళ్ళి, సబ్బాతు రొట్టె నోట కరుచుకుంది.

హుల్దమ్మ గుండె బాదుకుంటూ లేచింది.

"అయ్యయ్యో, ఉప్పు లేకుండా తినేస్తోందర్రా!" అంటూ కొంగులో ఉప్పు పట్టుకుని గాడిద దగ్గరికి పరుగెత్తింది.