స్లో నిలవని కారు

తిప్పేస్వామి కారుకు స్లో నిలవడం లేదు. ఆక్సిలేటర్ తొక్కినంతసేపూ బాగానే పోతుంది. కాలు తీస్తే చాలు, గడగడా వణికి ఆగిపోతుంది.

ఊళ్లో అందరి బండ్లూ బాగుచేసే మెకానిక్కుకు సొంత బండే మొండికేస్తే ఎంత తలవంపులు! ఇంకో రోజైతే ఏదోలే అనుకోవచ్చు. వెనక సీట్లో నెలలు నిండిన భార్య హంపమ్మ ఉంది. బీపీ ఎక్కువగా ఉంది, ఈ పూటే అనంతపురం తీసుకుపొమ్మని డాక్టరమ్మ చెప్పింది. "బస్సులో పోదాం" అని హంపమ్మ అంటే, "నా కారుండగా బస్సేంది?" అన్నాడు మహానుభావుడు.

స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా కారు ఆగింది. చివరికి దారిలో, తనకు పని నేర్పిన బుడేన్ ఉస్తాద్ షెడ్డు దగ్గర నిలిపాడు. ఇంజను మాత్రం ఆపలేదు. ఆక్సిలేటర్ తొక్కి రేజ్ చేస్తూనే కూర్చున్నాడు.

"ప్లగ్గులు మార్చినా ఉస్తాద్! కార్బొరేటర్ ఎన్నిసార్లు ఊడదీసి కడిగినానో నాకే తెలీదు!"

ఉస్తాద్ బానెట్ ఎత్తాడు. "కాలు తియ్యిరా."

"ఆగిపోతాది!"

"ఆగనీ."

"మళ్లీ స్టార్ట్ కాకపోతే? వెనక ఈమె ఉంది ఉస్తాద్..."

ఉస్తాద్ ఇటు వచ్చి, తలుపు తీసి, వంగి, శిష్యుడి కాలు పట్టుకుని పక్కన పెట్టాడు.

రొద తగ్గింది. ఇంజను వణికింది. ఆగిపోయే ముందు సన్నగా ఏదో వినిపించింది.

"ఏందో బుస్సుమంటాందే!" అంది హంపమ్మ.

తిప్పేస్వామి దిగి పరుగెత్తాడు. కార్బొరేటర్ పక్కన చిన్న రబ్బరు పైపు, కొస చీలి ఉంది. ఇంజను అక్కర్లేని గాలి పీలుస్తున్నది అక్కడే, స్లో నిలవనిది అందుకే. ఊడదీసిన ప్రతిసారీ ఆత్రంగా దాన్ని లాగింది తనే. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

ఉస్తాద్ బ్లేడు అందించాడు. తిప్పేస్వామి చీలిన కొస కోసేసి, పైపు గట్టిగా తొడిగాడు. స్టార్ట్ చేశాడు. భయం భయంగా కాలు తీశాడు.

ఇంజను ఆగలేదు. మెల్లగా, నిలకడగా తిరుగుతోంది. హమ్మయ్య! పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. హంపమ్మ పొట్టమీద చెయ్యి వేసుకుని నవ్వేసింది.

"వస్తాం ఉస్తాద్!" అంటూ తిప్పేస్వామి అలవాటు కొద్దీ మళ్లీ బర్రుమని రేజ్ చేశాడు.

ఉస్తాద్ కిటికీలోంచి చెయ్యి పెట్టి అతని మోకాలి మీద ఆనించాడు.

"పుట్టంగానే బిడ్డ ఏడుపు వినాల గదరా. ఈ రొద తగ్గించి, చెవులకు ఇప్పటినుంచే వినడం అలవాటు చెయ్యి."

తిప్పేస్వామి కాలు దానంతట అదే పైకి లేచింది.