కాలువ మీద కొబ్బరికాయ

వర్ధనమ్మగారి దగ్గర చదువుకున్న ఇంజనీర్లు జిల్లాకి పదిమంది ఉంటారు గానీ, ఆవిడ నోట 'ఇలా చెయ్యి' అన్నమాట విన్నవాళ్లు ఒక్కరూ లేరు. నీటిపారుదల శాఖలో ఈఈగా రిటైరయ్యాక, ఇంటి వరండాలో డిపార్టుమెంటు పరీక్షలకు పాఠాలు చెప్పేవారు. ఎవరైనా సలహా అడిగితే ముందు కాఫీ ఇచ్చి, తర్వాత ఏదో ఒక సంగతి చెప్పి ఊరుకునేవారు. అర్థం చేసుకోవడం అడిగినవాళ్ల ఖర్మ.

ఒక ఆదివారం ప్రసూన వచ్చింది. కొత్తగా డీఈ అయి, ఒక సబ్‌డివిజనుకు పెద్దగా వెళ్లిన పిల్ల.

"ఎల్లుండి నా చేతుల మీదుగా కాలువకు నీళ్లు వదలాలి మేడం. కొబ్బరికాయ మాత్రం ఆడవాళ్లు కొట్టకూడదట, మీ ఆయన్ని తీసుకురండి అంటున్నారు. నాకింకా పెళ్లే కాలేదు, ఎవర్ని తీసుకెళ్లను? దెబ్బలాడనా, సర్దుకుపోనా?"

వర్ధనమ్మగారు కాఫీ ఇచ్చారు. తర్వాత, తాను ఈఈ అయిన మొదటి ఏటి సంగతి చెప్పారు.

ఆ ఏడు నీళ్లు వదలడం అప్పటికే వారం ఆలస్యమైంది. కాలువ చివరనున్న శివారు ఊళ్లలో నారుమళ్లు నెర్రెలిచ్చాయి. ఇంకో రెండు రోజులైతే నారు మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆ రైతులు పొద్దున్నే వచ్చి గేటు దగ్గర గట్టు మీద కూర్చున్నారు. వాళ్ల మొహాల్లోకి చూడాలంటే వర్ధనమ్మగారికి సిగ్గేసింది. ముహూర్తం తొమ్మిదీ నలభైతో సరి, అది దాటితే మళ్లీ నాలుగు రోజులకు, శుక్రవారం దాకా మంచి ఘడియ లేదని పంతులుగారు ముందే చెప్పేశారు.

ఆవిడ జీపు దిగేసరికి మెళ్లో పూలదండతో ఎదురొచ్చింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ఆవిడగారి శ్రీవారే. ఆఫీసువాళ్లు ఆవిడతో మాటమాత్రం అనకుండా కాలేజీకి కారు పంపి, క్లాసు మధ్యలోంచి ఆయన్ని ఎత్తుకొచ్చారు. జగన్మోహనంగారు వృక్షశాస్త్రం లెక్చరరు. కొబ్బరిచెట్టు గురించి గంటసేపు పాఠం చెప్పగలరు గానీ, బుద్ధెరిగాక ఒక్క కాయ కొట్టిన పాపాన పోలేదు.

మొదటి దెబ్బకు వేలు నలిగింది. రెండో దెబ్బకు కాయ జారి ఎమ్మెల్యేగారి కాలి మీద పడింది. మూడో దెబ్బకు బండ పెచ్చు లేచింది గానీ కాయ చెక్కుచెదరలేదు. "పీచు తడపాలి సార్" అని ఒకరు, "కళ్లు పైకి పెట్టి పట్టుకోండి" అని ఇంకొకరు. అంతమంది మగవాళ్లలో సలహా ఇవ్వనివాడు లేడు. "ఇటివ్వండి, నేను కొడతా" అన్న కాంట్రాక్టరును నీటి సంఘం ప్రెసిడెంటు వెనక్కి లాగాడు. ఆ మర్యాద తనకే దక్కాలట. మాటామాటా పెరిగింది. పంతులుగారు ఇద్దరి మధ్యా నలిగిపోయారు.

వర్ధనమ్మగారు గడియారం చూసుకున్నారు. తొమ్మిదీ ముప్పై ఆరు. ఆవిడకు ఒళ్లు మండింది. కొంగు నడుముకు దోపి గేటు మీదికెక్కి, గేటు కాపలా లస్కరుతో "బూరయ్యా, పట్టు" అన్నారు.

"మరి కాయో, అమ్మగారూ?"

"కాయ సంగతి వాళ్లు చూసుకుంటారు. నీళ్ల సంగతి మనం చూద్దాం."

ఇద్దరూ చెరో పక్కా పట్టి హ్యాండిల్ తిప్పారు. గేటు కిర్రుమని మొరాయించి, మెల్లగా లేచింది. ఎర్రనీళ్లు బుసకొడుతూ కాలువలో పడ్డాయి. గట్టు మీది రైతులు ఒక్కసారిగా లేచి కేకలు పెట్టారు. అప్పుడు గానీ తక్కినవాళ్లు ఇటు తిరగలేదు.

"అమ్మా! కాయ కొట్టకుండానే..." అంటూ పంతులుగారు గుండె మీద చెయ్యేసుకున్నారు.

"ముహూర్తం పెట్టింది నీళ్లకే కదండీ పంతులుగారూ. ఇంకా ఒక నిమిషం మిగిలే ఉంది."

అక్కడితో ఆపి వర్ధనమ్మగారు ఖాళీ గ్లాసులు తీయబోయారు. ప్రసూన ఉండబట్టలేకపోయింది.

"ఇంతకీ ఆ కాయ చివరికి ఎవరు కొట్టారు మేడం?"

"ఏమోనమ్మా" అన్నారావిడ. "నేను నీళ్ల వెంట శివారు దాకా వెళ్లాను."