చామనఛాయ లేని కొలువు

ఒక పాత కంప్యూటరు పెట్టెలో ఒక రాజుండేవాడు. కిటికీలు తెరవడం, మూయడం ఆయన పని. లోపల దాచిన బొమ్మలు ఒక్కొక్కటీ తన కిటికీలో వచ్చి నిలబడితే, అద్దం అవతల కూర్చున్నవాళ్లు చూసేవాళ్లు. పోల్చుకోలేని బొమ్మని చెత్తబుట్టలోకి ఈడ్చేసేవాళ్లు. పారేసే ముందు రాజు ఎంతో వినయంగా, "నిజంగా పారెయ్యమంటారా?" అని అడిగేవాడు. అది ఆ కొలువు మర్యాద. అవతలివాళ్లు అవునన్నాక ఆయనకి ఇంకేం పట్టేది కాదు.

కొలువులో ఉన్నవి పదహారు రంగుల గిన్నెలు. సృష్టి మొత్తం ఆ పదహారింట్లోనే ఉందని రాజుగారి నమ్మకం. మీరే చెప్పండి తల్లీ! ఆ పరమాత్ముడు ఒక్క తమలపాకు మీదే ఎన్ని పచ్చలు పెట్టాడు? లేతాకుది ఒకటి, ముదురాకుది ఒకటి, ఈనె పక్కన మరొకటి. మన రాజుగారి దగ్గర పచ్చలు రెండే. ఒకటి కళ్లు పొడిచేది, ఇంకొకటి కాస్త తక్కువ పొడిచేది.

ఆ కొలువుకి ఒకనాడు ఒకావిడ ఫొటో వచ్చి చేరింది. నేత చీర, ముక్కున బేసరి, చామనఛాయ మొహం. ఆవిడ ఈ లోకంలో లేదు. మిగిలింది ఆ ఒక్క ఫొటోనే. అద్దం అవతల ఆవిడ కూతురు దానికోసమే వెతుకుతోంది. పోల్చుకుందా సరే. లేదా, బుట్టలోకే.

రంగుల మంత్రి ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు.

"చామనఛాయా? అలాంటి రంగు మా దగ్గర లేదమ్మా."

"మరి మనుషులొస్తే ఏం చేస్తారు బాబూ?"

"గులాబీ చుక్క ఒకటి, గోధుమ చుక్క ఒకటి పక్కపక్కన పెడతాం. దూరం నుంచి చూస్తే మనిషే."

"దగ్గర్నుంచి చూస్తే?"

"దగ్గరికి ఎవరు రమ్మన్నారు?"

చుక్కలు పెట్టారు. ఆవిడ అద్దంలో తన నీడ చూసుకుంది. అమ్మవారు పోసినట్టుంది మొహం.

"దీన్ని చూస్తే నా పిల్ల వేపాకు తెస్తుంది గాని, అమ్మా అని పిలవదు," అనుకుని తిన్నగా రాజు దగ్గరికే వెళ్లింది. "మహారాజా, ఇంకాసిని రంగులు ఇప్పించండి."

కొట్లో చోటు లేదని, అన్ని రంగులు మోస్తే రాజ్యం నత్తనడక నడుస్తుందని మంత్రి గొణిగాడు. రాజుకి మాత్రం దాతృత్వం పొంగుకొచ్చింది. "రెండువందల యాభై ఆరు గిన్నెలు పెట్టించండి!" కొలువంతా చప్పట్లు. చప్పట్లు ఆగాక రాజు గొంతు తగ్గించాడు. "అందులో ఇరవై మావి. మా సింహాసనానికీ, కిటికీ చట్రాలకీ. వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. మిగతా గిన్నెల్లో ఏ రంగు కలపాలో అందరికంటే ముందు నిలబడ్డవాళ్లు చెబుతారు. వెనకవాళ్లు ఆ రంగులతోనే సరిపెట్టుకోవాలి."

ఆవిడ ముందుకొచ్చి నిలబడింది. నుదుటికో ఛాయ, బుగ్గకో ఛాయ, కంటి కింద అలసటకో ఛాయ, చీరకి చిలకాకుపచ్చ, అంచుకి వంకాయరంగు కలపమంది. గిన్నెలన్నీ ఆవిడవే అయ్యాయి. మొహం దీపం పెట్టినట్టు కళకళలాడింది. అంతలో వెనకనుంచి ఒకటే గోల.

"వదినగారూ, ఇటు చూడండి!" అని అరిచింది ఒక కిటికీలోంచి గేదె. "నేను గేదెనా, చిలకనా?" దాని ఒళ్లంతా చిలకాకుపచ్చ. పక్క కిటికీలో ఉయ్యాల్లో పాప వంకాయరంగుకి తిరిగి గుక్కపట్టి ఏడుస్తోంది.

ఆవిడ నోరు తెరిచే లోపే ఒక పెళ్లికొడుకు అందరినీ తోసుకుంటూ ముందుకొచ్చాడు. "ముహూర్తం దాటిపోతోంది, తప్పుకోండి!" గిన్నెలన్నీ అతని పట్టుబట్టల రంగులకి మారాయి. ఆవిడ మొహం నీలంగా అయిపోయింది. ఆ నీలం కృష్ణపరమాత్మకైతే అందం గాని, కన్నతల్లి మొహానికి పెడితే కూతురు జడుసుకోదూ?

అప్పట్నుంచి తోపులాటే. గేదె పెళ్లికొడుకుని కుమ్మింది. పెళ్లికొడుకు పాప ఉయ్యాలని నెట్టాడు. రాజు సింహాసనం మీద కాలుమీద కాలేసుకుని మురిసిపోయాడు. "చూశావా మంత్రీ? రంగులు కావాలని ఇప్పుడెవరైనా అడుగుతున్నారా? ముందు చోటు కావాలంటున్నారంతే."

ఆ మాట ఆవిడ చెవిన పడింది. ఈసారి తన వంతు రాగానే గిన్నెల వైపు చూడలేదు, వెనక్కి తిరిగింది.

"పెళ్లింట్లో ఒక్క అద్దం ముందు పదిమంది ఆడవాళ్లం తయారవ్వడం లేదా? ఎవరికే రంగు లేకపోతే కుదరదో చెప్పండి."

పాప మెడ కింద నీడకీ, గేదె కొమ్ముకీ, ఆవిడ గడ్డం మడతకీ ఒకే గోధుమరంగు సరిపోయింది. పెళ్లికొడుకు మాత్రం ఇంకా మూతి ముడుచుకునే ఉన్నాడు. "మరి నా బుగ్గచుక్కో?"

"నా కాటుకలోంచి తీసుకో నాయనా, ఏం తరిగిపోదు."

ఆవిడ మొహాన నాలుగైదు చుక్కలు మిగిలిపోయాయి. అయితేనేం, గేదె గేదెలాగే ఉంది, పాప పాపలాగే ఉంది. అద్దం అవతల కూతురు ఒక్కసారి ముందుకి వంగింది. "అమ్మా!" అంటూ అద్దం మీద, సరిగ్గా ఆ గడ్డం మడత దగ్గర, వేలు పెట్టి ఉంచింది.

రాజు అది చూశాడు. తననెవరూ ఎప్పుడూ అలా చూడలేదు.

"మా బొమ్మ కూడా పెట్టండి," అన్నాడు.

ఆవిడ తేరిపార చూసి నవ్వింది. "మహారాజుగారిదీ మా చామనఛాయే. నాలుగు గిన్నెలు పట్టుకెళ్లండి బాబూ."

"అందరూ చేతులు పెట్టిన రంగు మా మొహానికా? మా ఇరవై మాకున్నాయి."

ఆ ఇరవైతోనే వేశారు. చట్రాల బూడిదరంగు, సింహాసనం ఊదా, ఎవరూ ఏనాడూ వాడని ఒక గులాబీ. "ఆహా, ఏం కళ!" అంది కొలువు. అద్దం అవతల కూతురు మొహం చిట్లించింది. "ఇదేంటి, సున్నం పెచ్చులూడిన గోడలా?" అని బుట్ట దాకా ఈడ్చింది.

మర్యాద మర్యాదే. అడగాల్సింది రాజే. ఆయన లేచి, చేతులు కట్టుకుని, గొంతు సవరించుకున్నాడు.

"నిజంగా పారెయ్యమంటారా?"

ఆవిడ కిటికీలోంచి కళ్లు దించుకుంది. కూతురు అవునంది. రాజుగారి బొమ్మ బుట్టలో పడింది.

మర్నాడు కూడా ఆ ఇరవై గిన్నెలు అక్కడే తళతళలాడుతున్నాయి. కాపలాకి ఇంకో భటుణ్ణి వేశారు.