పెసర రంగు నీళ్లు

1987 జూన్ పద్నాలుగు, ఆదివారం. మృగశిర కార్తె వచ్చి వారమైనా చినుకు లేదు. పడమటి గాలి సెగలా కొడుతోంది. కొల్లేటి మీద ఆకాశం సున్నం వేసిన గోడలా తెల్లగా ఉంది. జంతువుల కథకి తారీకెందుకని అడిగేవాళ్లుంటారు. సింగారి అనే గేదెని చెరువు నుంచి వెలివేసింది ఆ రోజే. ఆ తారీకు సింగారి మర్చిపోలేదు, మనమెందుకు మర్చిపోవాలి?

కొల్లేటి పక్కన ఉన్న ఆ చెరువు డిప్పయ్య అనే ముసలి తాబేలుది. తాతల నాటి సొంత ఆస్తి. చుట్టూ గట్టు, ఒక మూల కొల్లేటి నీళ్లొచ్చే తూము. అందులో చేపలు కాపురముండేవి. వాటికి పెద్ద వెండమ్మ అనే బొచ్చె చేప. తలకాయ పెద్దది, పరువు అంతకన్నా పెద్దది. (బొచ్చె తలకాయ పులుసు సంగతి ఇక్కడ ఎత్తకూడదు. ఆవిడ వింటుంది.)

రోజూ పొద్దున్నే డిప్పయ్య గట్టు రాయి మీద నిలబడి, ముందుకాలు నీళ్లలోకి పూర్తిగా చాపి పైనుంచి చూసేవాడు. గోళ్లు కనిపిస్తే నీళ్లు పలచబడ్డట్టే. "అమ్మాయ్ సింగారీ, దిగమ్మా!" అని కేకేసేవాడు. సింగారి దిగి, ఒక మునక వేసి, పేడ వేసి వచ్చేది. కొద్ది రోజుల్లో నీళ్లు పెసర రంగుకి తిరిగేవి. మోకాలే కనిపించకపోతే మాత్రం, "చిక్కబడిందే, కొన్నాళ్లు ఇటు రాకు" అనేవాడు. ఆ పచ్చదనమే చేపలకి తిండి. పైనుంచి చూసే పక్షుల కళ్లకి అదే తెర.

ఆ వేసవిలో డిప్పయ్యకి జబ్బు చేసింది. పిల్లల్లేరు. "చెరువు బాగా చూసుకున్నవాళ్లకే చెరువు" అని చెప్పి, గట్టు కింద బొరియలో పడుకున్నాడు. ఆ మాట ధవళయ్య అనే కొంగ చెవిన పడింది. వెంటనే వచ్చి రాయి మీద వాలాడు.

"ఏమిటి వెండమ్మగారూ, ఇంత పెద్దింటివాళ్లు, గేదె పేడలో కాపురమా?"

"అలవాటైపోయిందండీ."

"అలవాటా! పైఊరి చెరువు చూశారా? అడుగున ముక్కుపుడక జారినా కనిపిస్తుంది. అసలు మీరెప్పుడైనా మీ మొహం చూసుకున్నారా?"

వెండమ్మ చూసుకోలేదు. "ఎలా ఉంటుందంటారు?"

"చందమామేనండీ. ఏం లాభం, ఈ మురుగులో!"

అంతే. మధ్యాహ్నం సింగారి దూడతో వచ్చేసరికి చేపలన్నీ వరసగా నిలబడి ఉన్నాయి.

"ఇకమీదట దిగొద్దు సింగారీ. నిన్ను వెలివేశాం."

"డిప్పయ్య తాత చెప్పాడా?"

"తాతకి ఒంట్లో బాలేదు. మేమే చెబుతున్నాం."

"పొద్దుటిదాకా నా పచ్చదనం తిని, మధ్యాహ్నానికి కంపొచ్చిందా వెండమ్మత్తా?"

ధవళయ్య నాలిక చప్పరించాడు. "చూశారా నోరు! శుభ్రం తెలియని జాతి."

"నిలువునా మునిగేది నేను. నువ్వు మోకాళ్లు తడుపుకుని పోతావు. ఎవరయ్యా శుభ్రం?"

రొయ్యలు కిసుక్కుమన్నాయి. వెండమ్మ కళ్లురిమింది. సింగారి చెరువు దిగలేదు, ఇంటికీ పోలేదు. "గట్టు మీద గడ్డి తాత నాకిచ్చింది. ఇక్కణ్ణించి కదిలించండి చూద్దాం" అని దూడని పక్కన పెట్టుకుని గట్టు మీదే పడుకుంది.

పేడ పడక నీళ్లు తేటబడ్డాయి. వెండమ్మ మొహం చూసుకుంది. "నోరింత పెద్దదా!" అని దిగులు పడింది. అడుగుదాకా ఎండ దిగేసరికి నాచు జడల్లా లేచి చేపల రెక్కలకి చుట్టుకుంది. పచ్చదనం పోయాక తినడానికి ఏమీ లేదు. ఆ తర్వాత పిల్లలు కనిపించకుండా పోవడం మొదలైంది.

"తూము దాటి కొల్లేరు చూడ్డానికి వెళ్లారండీ, కుర్రతనం!" అన్నాడు ధవళయ్య. పొట్ట మాత్రం కుండలా ఉంది.

గట్టు మీంచి సింగారి కళ్లారా చూసింది. ముక్కు దిగింది, లేచింది, వెండి తోకొకటి తళుక్కుమని గొంతులోకి జారింది. "తింటున్నాడే అత్తా!" అని అరిచింది. వెలిపడ్డదాని మాట ఎవరు వింటారు? ధవళయ్య ఆ పూటే, ఎగిరిపోతున్న బంధువులని పిలిచి మరీ చెప్పాడు. "ఎల్లుండి పొద్దున అందరూ రండి. చేపలు అద్దంలో పెట్టినట్టున్నాయి!" ఆపైన సింగారి వైపు తిరిగాడు. "ఏం చేస్తావే నల్లదానా? నువ్వు దిగకూడదుగా!"

సింగారి బొరియ దగ్గరికి వెళ్లింది. "తాతా, ఎల్లుండి కొంగల గుంపొస్తోంది. ఇప్పుడు పేడ వేస్తే?"

"పచ్చబడేసరికి చేపలు మిగలవమ్మా. బురద లేపాలి. కానీ బురద మొప్పల్లో పడితే మనవాళ్లే పోతారు. కొత్త నీరొచ్చే తూము మూలకి అందర్నీ పంపు. మరి నీ వెలి?"

"దానికి భయపడి రాలేదు. చేపలకి ముప్పొచ్చింది, ఏం చెయ్యాలో అడగడానికొచ్చాను."

ముసలాడు చాలా రోజులకి నవ్వాడు. "అయితే నేనూ వస్తాను. తోక ఇంకా ఆడుతోంది."

మర్నాడు వెండమ్మే ఒడ్డుకొచ్చింది. "మా చిన్నది కూడా కనిపించట్లేదు సింగారీ."

"ఏడుపు తర్వాత అత్తా. నేను కోపం తెచ్చుకునేదీ తర్వాతే. ముందు అందర్నీ తూము మూలకి తోలుకెళ్లు."

విందు పొద్దున కొంగలు తెల్ల పంచెల పెళ్లివారిలా దిగాయి. చెరువు నడిమధ్య సింగారి నిలబడి ఉంది.

"దిగొద్దన్నారుగా!" అని ధవళయ్య ఎగిరిపడ్డాడు.

"అన్నవాళ్లని పిలువు, మాట్లాడదాం."

"నిన్ను వెలి..."

"వేశారు. వెలిపడ్డదాన్ని ఇంకేం చేస్తావు?"

అని ఒక్క పొర్లు పొర్లింది. ఇంకో పొర్లు. చెరువు చెరువంతా టీ రంగుకి తిరిగింది.

"ఏరా, అద్దమన్నావు?" అని ఒక ముసలి కొంగ అడిగింది. ధవళయ్యకి తల కొట్టేసినట్టయింది. అప్పుడే రాయి పక్కన బురదలో సన్నటి తోకొకటి ఆడుతూ కనిపించింది. "ఇదిగో, మొదటి ముద్ద మీకే!" అని బలమంతా పెట్టి పొడిచాడు.

ఠంగుమంది. తోక లోపలికి పోయింది. ముక్కు తగిలింది డిప్పయ్య వీపుకి. పైముక్కు కొడవలిలా వంకర తిరిగింది. బంధువులు నవ్వి నవ్వి ఎగిరిపోయారు. ధవళయ్య ఏదో చెప్పబోయాడు గాని, ఆ ముక్కుతో మాట సరిగ్గా పెగల్లేదు. అతనూ పోయాడు.

"వెలి ఎత్తేశాం సింగారీ" అంది వెండమ్మ, కళ్లు దించుకుని.

"నేను మొయ్యని బరువు మీరెత్తేదేమిటత్తా?" అని సింగారి పేడ వేసి గట్టెక్కింది.

తొలకరి పడ్డాక డిప్పయ్య కన్నుమూశాడు. నీళ్లూ తూమూ చేపలకి దక్కాయి. గట్టూ గడ్డీ రాయీ సింగారికి, ఆవిడ తర్వాత దూడకి. డిప్ప మాత్రం అందరిదీ. దాన్ని ఆయన కాలు చాపినంత లోతులో ఒక మోడు మీద బోర్లించారు. పైనుంచి చూస్తే అది కనిపించిందా, నీళ్లు పలచబడ్డట్టే, సింగారిని పిలవాలి. వెండమ్మకి ముసలాడు విడిగా ఒక మాట వదిలి వెళ్లాడు: "మన నీళ్లు బాగున్నాయో లేదో, ఆకలితో గట్టున నిలబడ్డవాణ్ణి అడక్కు."

ధవళయ్యకి ఏమీ రాలేదు. ఆ వంకర ముక్కు అతని సొంత సంపాదన.