రెండో కాలికి పసుపు

"పూర్తిగా తగ్గదని మనకే తెలిసినప్పుడు, దీన్ని వైద్యం అనొచ్చా మాస్టారూ?"

ప్రద్యుమ్న ఈ మాట అడిగేసరికి గంగాధరం మాస్టారు చేతులు తుడుచుకుంటున్నారు. గోదావరి వైపు ఓ చిన్న ఊళ్లో, ఆసుపత్రి వెనక గది అది. జనం దాన్ని కాళ్ల గది అంటారు. నరాలు ఉబ్బి మెలికలు తిరిగినవాళ్లు, చీలమండ దగ్గర పుండు మానక తిరిగేవాళ్లు, బోదకాలు వాళ్లు, అందరూ అక్కడికే వస్తారు. ప్రద్యుమ్న ఫిజియోథెరపీ చదువుకుని, మాస్టారి దగ్గర పని నేర్చుకోడానికి కొత్తగా చేరాడు. మంచివాడే, కాకపోతే తొందర మనిషి. టేపు పెట్టి కొలిస్తే ఇంత తగ్గిందని కనపడాలి వాడికి. కనపడకపోతే ఆ పూట అన్నం సయించదు.

మాస్టారు తువ్వాలు కొక్కేనికి తగిలించారు. "బయట ఎవరో నించున్నారు, లోపలికి పిలువు" అన్నారు.

వచ్చింది అచ్చియ్యమ్మ, బస్టాండులో పూలమ్మే ఆవిడ. ఎడమకాలు బోదకాలు. చీర కిందికి లాగి లాగి కప్పుకుంటోంది. ప్రద్యుమ్న చీర కాస్త పైకి జరిపి చూస్తే, మోకాలి కింద లంగా నాడా ఒకటి బిగించి కట్టి ఉంది. చర్మంలోకి దిగిపోయింది.

"ఎవరు కట్టమన్నారమ్మా ఇది?"

"ఎవరంటే? నేనే కట్టుకున్నా. వాపు తొడకి పాకకుండా. పాము కరిస్తే కట్టమా ఏంటి?"

ప్రద్యుమ్న కత్తెర అందుకున్నాడు. ఆవిడ కాలు వెనక్కి లాగేసుకుంది. "అది తెంపావంటే నేను లేచి పోతానబ్బాయ్, చెప్తున్నా!"

మాస్టారు పీట లాక్కుని ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నారు. "కత్తెర అక్కర్లేదులే. అమ్మా, బస్సు కిటకిటలాడుతూ వచ్చి ఆగిందనుకో. ముందెవరు దిగాలి?"

"తలుపు కాడోళ్లు. ఆళ్లు దిగకపోతే లోపలోళ్లు ఎట్టా దిగుతారండీ?"

"మరి ఆ తలుపుకే నువ్వు తాడు కట్టావు. కాల్లో నిలిచిన నీరు పైకి పోతేనే బయటపడేది."

అచ్చియ్యమ్మ ఓసారి కాలు చూసుకుంది, ఓసారి ఆయన్ని చూసింది. ఫక్కున నవ్వేసింది. "అయ్యో, లోపలోళ్లంతా నన్ను ఎన్నేసి తిట్టుకుంటన్నారో!" అని నాడా తనే విప్పేసింది.

విప్పాక అసలు సంగతి చెప్పింది. చెల్లెలు కొత్తింట్లో దిగినప్పుడు పేరంటం పిలిచిందట. వరసగా కూర్చున్న ఆడాళ్లందరికీ కాళ్లకి పసుపు రాసుకుంటూ వచ్చి, అక్క కుడికాలికి రాసి, ఎడమకాలు చూసి గిన్నె పక్కావిడ దగ్గరికి జరిపేసిందట. "సొంత చెల్లెలండీ. అప్పట్నించీ ఏ గడపా తొక్కలేదు. ఇప్పుడు దాని కూతురికి సీమంతం. నా చేతుల మీద పెరిగిన పిల్ల. రమ్మని ఫోను మీద ఫోను. ఎట్టా పోను?"

"ముట్టుకుంటే అంటుకునేది కాదమ్మా ఇది" అన్నారు మాస్టారు. "ఆ మాట ముందు నువ్వు నమ్ము."

ఆ రోజు నుంచి పని మొదలైంది. సబ్బుతో కడగడం, వేళ్ల సందుల్లో చుక్క తడి లేకుండా ఒత్తడం, చర్మం ఒరిసిన చోట మందు. పడుకోబెట్టి, ముందు తొడ దగ్గర మెల్లిగా నిమిరి పైన చోటు చేసి, అప్పుడు కిందికి రావడం. పాదం దగ్గర బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా పట్టీ చుట్టడం. అచ్చియ్యమ్మ చుట్టడం నేర్చేసుకుంది. పూలబుట్ట ముందర కాలు ఎత్తు మీద పెట్టుకుని, మడమ ఆడిస్తూ బేరాలు చేసేది. మొదట వాపు బాగానే దిగింది. మాటిమాటికీ వచ్చే చలిజ్వరం మళ్లీ రాలేదు, వాసన పోయింది. కానీ ఆ తర్వాత టేపు ఒకే చోట ఆగిపోయింది. ప్రద్యుమ్నకి దిగులు పట్టుకుంది. ఇంత చేసీ ఆ కాలు ఈ కాలులా అవదు కదా అని.

సీమంతం అయిన మర్నాడు అచ్చియ్యమ్మ వచ్చింది. ప్రద్యుమ్న టేపు తీసుకుని, పట్టీ విప్పి చూశాడు. రెండు పాదాలూ పచ్చగా ఉన్నాయి.

"చెల్లెలు గిన్నె పట్టుకుని నా ముందుకొచ్చి ఆగిందబ్బాయ్. నేనే ఎడమకాలు ముందు చాపాను. పక్కావిడ తగ్గిపోయిందా అంది. తగ్గలేదమ్మా, నెమ్మదిగా ఉంది, అంటుకోదు అని, రాయవే అన్నాను చెల్లెలితో. ఇంక చూస్కో, మా చెల్లెలు మాట్లాడదు, లేవదు, రాసిందే రాస్తంది! కాలు అరిగిపోద్దేమో, మాస్టారికి పనుండదేమో అనుకున్నా."

నవ్వుతూనే కొంగుతో కళ్లొత్తుకుంది. ప్రద్యుమ్న తల వంచుకుని కొలిచాడు. టేపు ఆగిన చోటే ఉంది. ఎందుకో ఈసారి దాన్ని చుట్టి జేబులో పెట్టేసుకున్నాడు. వేళ్ల సందుల్లో ఇరుక్కున్న పసుపు చూశాడు. కడక్కపోతే ఒరిసి పుండు పడుతుంది. కడగడానికేమో చెయ్యి రావట్లేదు. మాస్టారి వైపు చూశాడు.

మాస్టారు నీళ్ల బేసిన్ వాడి ముందుకు జరిపారు.

"శుభ్రంగా కడుగయ్యా. మళ్లీ రాయించుకోవాలి కదా ఆవిడ."