చావని ఎలుగుని పంచుకున్న ఊరు

అనగనగా, కొండకీ పనసతోటలకీ మధ్యన ఒక ఊరుండేదర్రా. ఆ ఊరి రాజుకి ఒక్కర్తే కూతురు, తల్లి లేని గుంట. రాజుగారి పిల్ల కదా, ముట్టుకోడానికి అందరికీ భయం. బంగారు ఉయ్యాల్లో వేసి, పొడుగు తాడు కట్టి, దూరం నించి ఊపేవోరు. పొద్దు వాలితే చాలు, ఉలిక్కిపడి కెవ్వుమని ఏడిచేది. దడుపు. మీ తాత పోయిన కాణ్ణించీ మీరూ అలాగే ఉలిక్కిపడతన్నారంట, మీ అమ్మ చెప్పింది. అందుకే ఈ కథ.

వైద్యుడొచ్చి, దడుపుకి ఎలుగు వెంట్రుక తాయెత్తు కట్టాలన్నాడంట. నా చిన్నప్పుడు నాకూ కట్టారు, నల్లగా, బిరుసుగా, మెడంతా ఒకటే దురద. సరే, రాజు వేటగాడు దాలయ్యని పిలిపించి, ఎలుగుని కొట్టి తెస్తే సరి, తేకపోతే ఊళ్ళో ఉండనివ్వనన్నాడంట.

ఇంక చూడండి. ఎలుగింకా కొండ మీదే ఉంది, ఊళ్ళో పంపకాలు మొదలైపోయాయి. వెంట్రుక పిల్లకి, తోలు రాజుగారి పీటకి, పిత్తం వైద్యుడి సీసాకి, కొవ్వు రాజుగారమ్మ మోకాళ్ళకి. ఆఖరికి దాలయ్య తల్లి సోములమ్మ కూడా, నాకో గిద్దెడు కొవ్వు దాచరా, నావి మాత్రం మోకాళ్ళు కావా, అందంట.

అది విని దాలయ్య పెళ్ళాం అసిరమ్మకి గుండె జారిపోయింది. ఎందుకంటారా? వేటగాళ్ళ ఇళ్ళల్లో ఒక కట్టుబాటుంది. చావని ఎలుగుని పంచుకోకూడదు. పంచుకుంటే ఎళ్ళినోడు తిరిగి రాడు. అసిరమ్మ మావ, అదే సోములమ్మ మొగుడు, అలా ఎళ్ళి తిరిగి రానోడే. ఇంకోటుంది. వీపు మీద పిల్లని మోసే ఎలుగు ఎదురైతే బల్లెం దించెయ్యాలి.

"ఏటత్తా, కొడుకు కంటే మోకాళ్ళు ఎక్కువైపోనాయా నీకు?" అంది.

"ఓలమ్మా, నిన్నగాక మొన్నొచ్చి నాకు కొడుకుని చూపిస్తన్నావా! నోర్మూసుకుని కూకో," అంది సోములమ్మ. అంది గానీ, దాని మొహమూ పాలిపోయింది.

కూకో అంటే ఎలా కూకుంటాది? తెల్లారగట్ల దాలయ్య ఎళ్ళిపోయాడు. మొగుడు వేటకెళ్తే పొయ్యి వెలిగించకూడదు, పెళ్ళాం గడప దాటకూడదు. అసిరమ్మ లేచింది, కూకుంది. నీళ్ళు ముంచింది, పారబోసింది. చాప పరిచింది, చుట్టింది. ఆకు కదిలితే వచ్చాడేమో అనుకుంది, కుక్క మొరిగితే పోయాడేమో అనుకుంది.

ఊ కొడుతున్నారా? ఫోన్లో రికార్డు చేసి పంపిస్తన్నా, మీ ఊ నాకు వినపడదు, అయినా కొట్టండి. ఇన్నాళ్ళూ మీ తాతే కొట్టేవోడు ఊ. సగం కథకే గురక. ఇప్పుడు ఆ పక్క మంచం... సర్లే. ఎక్కడున్నాం? గడప దగ్గిర.

ఊరంతా కట్టుబాటు తప్పింది, నాకొక్కదానికేనా గడప, అనుకుంది అసిరమ్మ. పెరట్లో ముగ్గిన పనసపండు నెత్తిన పెట్టుకుని కొండెక్కేసింది. ఎలుగుకి మనిషి రక్తం కంటే పనసతొన తీపర్రా.

ఎక్కి చూస్తే ఏముంది? ఇప్పచెట్టు దగ్గిర ఎలుగు రెండు కాళ్ళ మీద నిలబడిపోయుంది. వీపు మీద పిల్ల, జూలు పట్టుకుని. ఎదురుగా దాలయ్య. బల్లెం దించితే ఊరు పోతాది, ఎత్తితే కట్టుబాటు పోతాది. బల్లెం అటూ కాదు, ఇటూ కాదు, మధ్యలోనే ఆగిపోయింది. ఎలుగు మీదకి ఒక్క అడుగేసింది. అసిరమ్మ పనసపండుని రాతికేసి పగలగొట్టి, వాలులోకి దొర్లించేసింది. ఘుప్పుమని వాసన! ఎలుగు దాలయ్యని వదిలేసి, పండు వెనకాల దడదడా దిగిపోయింది. అంత కుదుపుకీ పిల్ల జారలేదు సరికదా, ఆవులించిందంట!

చెట్టు మానుకి, ఎలుగు వీపు గోక్కున్న చోట, బోలెడు వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. ఏరుకుని కొంగున కట్టుకున్నారు.

రాజు దగ్గిరికెళ్తే, వెంట్రుక సరే, నా తోలేదీ అన్నాడు. కొవ్వేదీ అంది వాళ్ళమ్మ. పిత్తమేదీ అన్నాడు వైద్యుడు. ఇంతలో పొద్దు వాలింది. తాయెత్తు కట్టారు. అయినా పిల్ల కెవ్వుమంది! 

అసిరమ్మ ఎవర్నీ అడగలేదు. ఉయ్యాల్లోంచి పిల్లని తీసి, కొంగుతో వీపుకి కట్టేసుకుని నడిచింది. ఇటు చివర నించి అటు చివరికి, అటు నించి ఇటు. పిల్ల ఎక్కిళ్ళు పెట్టింది, ముక్కు దాని మెడకి రాసింది, నిద్దరోయింది.

"ఎలుగు పిల్లకి తాయెత్తెవరు కట్టారు మారాజా? వెంట్రుక కాదు, దానికింద ఉండే వీపు కావాలి," అందంట.

రాజు కిందికి దిగొచ్చి, వీపు వంచాడు. ఆ పూట నించీ పిల్ల రాజు వీపు మీద. పిల్లని మోసేవోడికి కూర్చునే తీరికేదీ, తోలెందుకూ? మనవరాలి వెనకాల తిరిగి తిరిగి ముసలమ్మ మోకాళ్ళ పట్టు వదిలింది, కొవ్వెందుకూ? పిల్ల నవ్వుతుంటే వైద్యుడికి పనేదీ, పిత్తమెందుకూ? తాయెత్తు విప్పేసిన వెంట్రుక చెట్టుకే, తోలు ఎలుగుకే, ఎలుగు కొండకే. దాలయ్య ఇంటికొస్తే సోములమ్మ వాడి నెత్తి తడిమి, మోకాళ్ళ మాటే ఎత్తకుండా పొయ్యి రాజేసింది.

అందుకే చెప్తన్నా. మీకు తాయెత్తులూ వద్దు, ఏమీ వద్దు. ఉలికిపాటొస్తే మీ అమ్మ వీపుకి ఆనుకుని పడుకోండి. అదీ ఉలిక్కిపడతాదేమో, దాని నాన్న కదా పోయింది. మీ వీపు దానికివ్వండి. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లోకి దూరండి. ఇక్కడ ఊ నేనే కొట్టుకుంటాలే. ఊ.