తలుపుల్లేని వైద్యశాల

ఒకానొక రాజ్యంలో తలుపుల్లేని వైద్యశాల ఒకటుండేది. నాలుగు వైపులా స్తంభాలే, గోడన్న మాటే లేదు. కట్టించింది ఉద్దండరాయలు. "నా రాజ్యంలో వైద్యం నేర్చుకునే పిల్లలకి దాపరికం ఉండకూడదు. అందరూ అన్నీ చూడాలి!" అని శాసనం కూడా వేయించాడు.

అంచేత జబ్బు చేసినవాళ్ళు మధ్యలో అరుగెక్కి నిలబడాలి. ఎక్కడ బాధో గట్టిగా చెప్పాలి. చుట్టూ విద్యార్థులు, వాళ్ళ వెనక కొలువంతా. రోగం సరిగ్గా పట్టేస్తే వందిమాగధులు జేజేలు కొట్టేవాళ్ళు. రాయలకి అదో తిరణాల. రోజూ వచ్చి మెత్తటి ఆసనం మీద బాసింపట్టు వేసుకు కూర్చునేవాడు.

ఒకరోజు గాజులమ్మే అంకమ్మ అరుగెక్కింది. మొహం పాలిపోయి ఉంది. ఒళ్ళంతా కొంగు కప్పుకుని నిలబడింది.

"ఎక్కడమ్మా బాధ?" అంది చెంగల్వ అనే విద్యార్థిని.

అంకమ్మ చుట్టూ చూసింది. రోజూ తను గాజులు తొడిగే ఇళ్ళ మగాళ్ళంతా అక్కడే ఉన్నారు.

"గట్టిగా చెప్పవమ్మా, వెనకవాళ్ళకి వినపడొద్దూ?" అన్నాడు రాయలు.

"ఏం లేదు దొరా. తగ్గిపోయింది" అని గొణిగి, స్తంభం తర్వాత స్తంభం పట్టుకుంటూ వెళ్ళిపోయింది.

రాయలు తొడ చరిచాడు. "చూశారా! మనల్ని చూడగానే రోగం పారిపోయింది!"

కొలువంతా ఘొల్లున నవ్వింది. విదూషకుడు బొల్లన ఒక్కడే నవ్వలేదు. వీడికేమైంది ఇవాళ, అనుకుని ఊరుకున్నాడు రాయలు.

కొన్నాళ్ళకి రాయలకి సెగగడ్డ లేచింది. ఎక్కడంటే, సరిగ్గా సింహాసనానికి ఆనే చోట.

ఎవరికి చెప్పుకుంటాడు? రాజవైద్యుడు కొండుభట్టుకి చెబితే శాసనం ప్రకారం అరుగెక్కమంటాడు. రాణీగారికి చెబితే అంతఃపురమంతా నవ్వుతుంది. రాత్రంతా బోర్లా పడుకుని, పొద్దున్నే కొలువుకొచ్చి నిలబడ్డాడు. "ఇకమీదట నిలబడే పాలిస్తాను. కూర్చునే రాజు సోమరిపోతు!" అన్నాడు. పాపం, ముసలి మంత్రులు కూడా మోకాళ్ళు పట్టుకుని లేచారు.

వైద్యశాలకొచ్చినా అదే వరస. ఆసనం పక్కన నిలబడ్డాడు. అరుగు ఖాళీగా ఉంది.

"రోగులేరీ?" అన్నాడు.

"ఇవాళ ఒక్కరూ రాలేదు ప్రభూ" అన్నాడు బొల్లన. "అంకమ్మ దిగి వెళ్ళిపోయిందగ్గర్నుంచి రోజురోజుకీ తగ్గిపోతున్నారు. ఆవిడ మంచం పట్టిందట. మనవాళ్ళు వెళ్ళి పిలిస్తే, చచ్చినా ఆ అరుగెక్కను అందట."

"తగ్గిపోయిందని తనేగా అంది?"

"అంది ప్రభూ. సరే, పిల్లల చదువు ఆగకూడదు కదా, నేనో ప్రశ్న అడగనా?"

"అడుగడుగు." తన సంగతి ఎవరూ గమనించకుండా ఉంటే చాలు రాయలకి.

బొల్లన విద్యార్థుల వైపు తిరిగాడు. "రోగి నోరు విప్పకముందే మీరు చూడాల్సిందేంటర్రా?"

"నడక!"

"నిలబడే తీరు!"

"మొహంలో రంగూ, చెమటా!"

"భేష్. అలా చూసి, ఈ కొలువులో ఒక రోగిని పట్టండి చూద్దాం."

పిల్లల చూపులు మంత్రుల మీదా, భటుల మీదా తిరిగాయి. తిరిగి తిరిగి, చీమల్లా పాకుతూ వచ్చి తన మీదే ఆగడం రాయలకి తెలుస్తూనే ఉంది.

"మహారాజుగారు ఒంటికాలి మీదే బరువేశారు" అంది చెంగల్వ, పాఠం అప్పజెప్పినట్టు. "నుదురంతా చెమట. పక్కనే మెత్తటి ఆసనం ఉన్నా దాని వంకైనా చూడట్లేదు."

వందిమాగధులు అలవాటు కొద్దీ జేజేలు కొట్టేశారు. కొట్టాక నాలిక్కరుచుకున్నారు.

"శాసనం తమరిదే ప్రభూ" అన్నాడు బొల్లన మెల్లిగా, అరుగు చూపిస్తూ.

తన చేత్తో వేసిన శాసనం. కాదంటే ఎలా? రాయలు పళ్ళు బిగించి అరుగెక్కాడు. కింద నుంచి చూస్తే ఎప్పుడూ అంత ఎత్తనిపించలేదు. ఎటు తిరిగినా కళ్ళే. కిరీటం ఉంది, పట్టుబట్టలున్నాయి, అయినా ఒంటి మీద నూలుపోగు లేనట్టే ఉంది.

"ఎక్కడ ప్రభూ బాధ?" అంది చెంగల్వ.

రాయలు పట్టుబట్ట ఒంటికి దగ్గరగా లాక్కున్నాడు. "ఏం లేదు. తగ్గిపోయింది."

అన్నాక, ఆ మాట తన చెవికే వినపడింది. ఎవరి మాటో గుర్తొచ్చింది. తల వాలిపోయింది.

"చూశారా!" అన్నాడు బొల్లన. "మనల్ని చూడగానే ప్రభువుల రోగం పారిపోయింది!"

ఎవరూ నవ్వలేదు. ఎవరన్నా నవ్వినా బాగుండు అనుకున్నాడు రాయలు.

"కొలువంతా వెళ్ళండి" అన్నాడు చివరికి. వెళ్ళారు, కొండుభట్టూ బొల్లనా విద్యార్థులూ తప్ప. కానీ ఎక్కణ్ణించైనా అన్నీ కనపడే చావడాయె. దాక్కుందామంటే చోటేదీ? బొల్లన తన ఉత్తరీయం తీసి రెండు స్తంభాల మధ్య కట్టాడు. విద్యార్థులూ తమ పైబట్టలు తెచ్చి చుట్టూ కట్టి, అటు తిరిగి నిలబడ్డారు.

ఆ గుడ్డల లోపల కొండుభట్టు చేతులు కడుక్కుని, గొంతు తగ్గించి అడిగాడు. "చూడమంటారా ప్రభూ?"

రాయలు చుట్టూ కట్టిన గుడ్డల వంక చూశాడు. "భట్టుగారూ, ఆవేళ ఆవిణ్ణి మనలో ఒక్కరైనా ఇలా అడిగామా?"

కొండుభట్టు కూడా తల దించుకున్నాడు.

గడ్డ కోసి కట్టు కట్టాక రాయలు గుడ్డ వెనక నుంచి పిలిచాడు. "ఒరేయ్ బొల్లనా, నీకెలా తెలిసిందిరా?"

"నాకేం తెలుసు ప్రభూ! గుర్రం మీద కూడా దిండేసుకునే తమరు కూర్చోవడం మానేశారంటే, రాజ్యం కోసం మాత్రం అయ్యుండదు అనుకున్నాను."

రాయలు పకపకా నవ్వాడు. నవ్వితే కట్టు సలిపింది. "అబ్బా!" అంటూనే మళ్ళీ నవ్వాడు. "ఏం కావాలో కోరుకోరా!"

"తలుపు ప్రభూ. లోపల్నుంచి గడియ వేసుకునేది."

ఆ పూటే వడ్రంగులొచ్చారు. నాలుగు చెక్క గోడలూ, తలుపూ లేచేదాకా రాయలు అక్కణ్ణించి కదల్లేదు. తర్వాత అంకమ్మ ఇంటికి బయల్దేరాడు. ఇంకా పల్లకీలో కూర్చోలేడు కదా, నడిచే వెళ్ళాడు. గడప బయటే ఆగి, "తప్పు నాదే అంకమ్మా. ఈసారి తలుపుంది, రా" అన్నాడు.

బొల్లనకి ఉత్తరీయం పోయిందని పట్టుశాలువ ఇచ్చారు. వైద్యశాలలో చేరిన పిల్లలకి నాడి పట్టడం కంటే ముందు చేతులు కడుక్కోవడం, తలుపేయడం, చూడొచ్చా అని అడగడం నేర్పడం మొదలెట్టారు.

అంకమ్మ వచ్చింది. చెంగల్వ తలుపేసింది. మళ్ళీ నెల తిరిగేసరికి ఆవిడ గాజుల కేక వీధుల్లో ఖంగున వినపడింది.

ఇంతకీ ఆవిడ జబ్బేంటంటారా? నాకెలా తెలుస్తుందండీ? తలుపేసుంది కదా.